తూర్పు గోడలోని జాయింటు

ఎవరింటికైనా చుట్టపుచూపుగా వెళ్తే అందరూ ముందు కుర్చీ వెతుక్కుంటారు. నేను బాత్రూం వెతుక్కుంటాను. లోపలికి వెళ్ళి, గీజరు ఎక్కడుందో చూసి, దాని కిందా పక్కనా ఉన్న టైల్స్ మీద అరచెయ్యి ఆనించి, ఒక్క నిమిషం నిలబడి వస్తాను. కాఫీ గ్లాసు పట్టుకుని నిలబడ్డ ఇంటావిడ నన్ను ఎగాదిగా చూస్తుంది. మా మేనకోడలికి సంబంధం మాట్లాడబోయిన ఇంట్లోనూ ఇదే పని చేశాను. బయటికొచ్చాక మా ఆవిడ దారి పొడుగునా సాధించింది. "పిల్లోడి గుణం చూడమంటే గోడల గుణం చూసొస్తివే, నీకేమన్నా బుద్ధుందా?" అంది.

ఆవిడకి కారణం తెలుసు. తెలిసీ తిడుతుంది. తిట్టనీ. ఆ తిట్లు నాకు తక్కువే.

మాది హిందూపురం పక్క. పని వెతుక్కుంటూ బెంగుళూరు వచ్చి, పీణ్యలో కరెంటు ప్యానెల్ బోర్డులు చేసే ఒక చిన్న షాపులో చేరాను. లావు కేబుళ్ళ పని నేర్చుకున్నది అక్కడే. రెండు కేబుళ్ళు కలపాలంటే మెలితిప్పి టేపు చుట్టడం కాదు. కొసలు రెండూ రాగి గొట్టంలోకి దూర్చి, పెద్ద కత్తెర లాంటి నొక్కుడు మిషనుతో గట్టిగా నొక్కాలి. నొక్కిన జాయింటుని మా మేస్త్రీ రెండు చేతులా పట్టుకుని కాలు గోడకి తన్నిపెట్టి లాగేవాడు. ఊడివస్తే దాన్ని నా మొహం మీదికే విసిరేవాడు. జాయింటు ఎప్పుడూ చేతికందే డబ్బాలో ఉండాలి, గోడలో పెట్టి పూడ్చకూడదు అని కూడా అక్కడే నేర్చుకున్నాను. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, తెలియక చేసిన తప్పయితే నేను ఈ నాలుగు ముక్కలు రాసేవాణ్ణే కాదు.

షాపు వదిలేసి సొంతంగా ఇళ్ళ వైరింగు మొదలుపెట్టిన రోజులవి. తొంభైల చివర. యలహంక వైపు సైట్లన్నీ ఒక్కసారిగా ఇళ్ళవుతున్నాయి. నాకు దొరికిన మొదటి మంచి ఇల్లు ఒక పాతకాలపు తెలుగువాళ్ళది. తాతల నాడే ఇటు వచ్చేసినవాళ్ళు. దొడ్డబళ్ళాపురంలో మగ్గాలు అమ్మేసి మేడ కడుతున్నారు. యజమాని ఎక్కువ మాట్లాడడు. అన్నీ ఆయన భార్యే. నేను ఆమెని అక్కా అనేవాణ్ణి, ఆమె నన్ను అప్పా అనేది. మనిషి మంచిది, నోరు మాత్రం కారప్పొడి.

ఆ ఇంటికి కువైట్ నుంచి ఒక గీజరు వచ్చింది. అక్క తమ్ముడు పెట్టెలో మోసుకొచ్చాడు. దానికి నీళ్ళ తొట్టి లేదు. షవర్ తిప్పితే అప్పటికప్పుడు వేడినీళ్ళు. వీధిలో అలాంటిది ఎవరింటా లేదు. కానీ అది తాగే కరెంటు మామూలుది కాదు. మన గీజరు లాంటివి రెండు మూడు కలిపితే ఎంతో అంత. అందుకని కింద బోర్డు నుంచి పైన బాత్రూం దాకా దానికొక్కదానికే లావు రాగి కేబుల్, గోడలో పైపు పెట్టి, మధ్యలో ఎక్కడా తెగకుండా ఒకే ముక్కగా లాగాను. లాగిన రోజు నా భుజం నేనే తట్టుకున్నాను.

గృహప్రవేశం నాలుగు రోజులుందనగా వాస్తు చూసే ఆయన వచ్చాడు. బాత్రూంలో తూర్పు గోడకి ఈశాన్యం మూలన గీజరు పెట్టాలని అందరం కలిసి అనుకున్నదే. ఆయన అక్కడ నిలబడి "నిప్పు వస్తువు ఈశాన్యంలోనా? ఇంటికి మంచిది కాదు. ఆగ్నేయానికి జరపండి" అని చెప్పి, మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు. అదే గోడకి ఆ చివర. ఐదడుగులు. గోడ గాడి కొట్టి పైపు పొడిగించాను. కేబుల్ లాగితే మూరెడు తక్కువైంది.

మూరెడంటే మూరెడే. దానికి చేయాల్సిన పని నాకు తెలుసు. పాత కేబుల్ మొత్తం పీకి, కొత్తది తెచ్చి, కింది నుంచి మళ్ళీ లాగాలి. లేదంటే పీణ్యకి పోయి నొక్కుడు మిషను అడిగి తెచ్చి, సరైన జాయింటు వేసి, డబ్బా పెట్టి మూత బిగించాలి. ఒక్కపూట పని. అప్పటికే టైల్స్ మేస్త్రీ సిమెంటు కలిపి కూర్చున్నాడు. "ఏమప్పా, నీ వైరు కోసరం నా సిమెంటు గడ్డ కట్టాల్నా?" అని గొణుగుతున్నాడు. డబ్బా సంగతి అక్కని అడిగాను. "అద్దాల మాదిరి టైల్స్ తెచ్చి వాటి మధ్య ప్లాస్టిక్ మూత బిగిస్తావా? నీకు కండ్లు ఉండాయా లేదా?" అంది.

అంతే. మిగిలిన కేబుల్ ముక్క ఒకటి తీసి, రెండింటి కొసలు ఒలిచి, పోచలు విడదీసి, ఒకదానిలో ఒకటి జొనిపి, పట్టకారుతో మెలితిప్పి, టేపు మూడు వరసలు చుట్టి పైపులోకి తోసేశాను. మేస్త్రీ దాని మీద సిమెంటు కొట్టి టైల్ అంటించాడు. కిటికీ నుంచి మూడో టైల్, నడుమెత్తున. చేతులు దులుపుకుని భోజనానికి పోయాను. ఆ రోజు నాకు ఏ బాధా లేదు, అదీ చెప్పాలి కదా. కడుపునిండా తిన్నాను.

గృహప్రవేశం రోజు అందరూ వరసగా వచ్చి షవర్ కింద చెయ్యి పెట్టి చూశారు. "అబ్బా, చురుక్కుమంటా ఉండాదే!" అన్నారు. నాకు పంచెలచాపు పెట్టారు. వాళ్ళ బంధువులవి ఆరిళ్ళ పని నాకు ఆ షవర్ వల్లే వచ్చింది.

రెండేళ్ళు గడిచాయి. ఒకరోజు జిగణి వైపు ఒక ఇంటికి పిలిస్తే వెళ్ళాను. నేను వైరింగు చేసిన ఇల్లు కాదు. గీజరు పనిచేయడం లేదన్నారు. వెతికి వెతికి గోడ తవ్వితే లోపల ఒక జాయింటు. మెలితిప్పి, టేపు చుట్టి, పూడ్చినది. టేపు కరిగిపోయింది, పైపు కరిగిపోయింది, రాగి తీగ తడి సిమెంటుకి తగులుతోంది. ఆ ఇంటావిడ తలుపు దగ్గర నిలబడి, "రెండు దినాల నుంచి కొళాయి ముట్టుకుంటే జివ్వుమంటా ఉండాదప్పా. నా ఒళ్ళు బాగలేదేమో అనుకుంటి" అంది. ఆ పోచలు జొనిపిన తీరు, ఆ మెలిక, ఆ మూడు వరసల టేపు అచ్చం నా చేతిదే. ఎవడో నాలాగే తొందరపడ్డాడు.

"ఏ దరిద్రుడప్పా ఈ పని చేసింది?" అన్నాడు ఆ ఇంటాయన.

"ఎవడో దరిద్రుడు లెండి సార్" అన్నాను నేను.

మర్నాడు పొద్దున్నే యలహంక ఇంటికి పోయాను. తలుపు తీసింది ఆ ఇంటి కొత్త కోడలు. పెళ్ళయి ఏడాది దాటింది. తల్లి లేని పిల్ల. ఐదో నెల కడుపు. నన్ను చూడగానే "రాండన్నా, అత్త పూజలో ఉండాది" అని లోపలికి పిలిచింది. ఈ దోవన పోతూ గీజరు చూసిపోదామని వచ్చినానమ్మా అని అబద్ధం ఆడి, మేడెక్కి షవర్ తిప్పి, కిటికీ నుంచి మూడో టైల్ మీద చెయ్యి పెట్టాను. పది నిమిషాలకి వెచ్చబడింది. జ్వరం పట్టిన పిల్లాడి నుదురులా ఉంది. తూర్పు గోడ కదా, బయట ఎండ పడుతోంది, అందుకేలే అనుకున్నాను. పక్క టైల్ మీద చెయ్యి పెట్టాను. చల్లగా ఉంది. ఎండ ఆ టైల్ వెనకా పడుతోంది. ఇంకేం చెప్పుకోను నాకు నేను?

కిందికి వచ్చి అక్కతో, గోడ కాస్త తవ్వి గీజరు వైరు మార్చేస్తానక్కా అన్నాను. ఆమె హారతి పళ్ళెం కింద పెట్టి నన్ను వింతగా చూసింది. "కోడలు కడుపుతో ఉండాది, కనపడలేదా? గోడకు మేకు కూడా కొట్టకూడదప్పా. క్యాలెండరుకు మేకు కొడతానంటే మొన్న నా మొగునికే చేతులెత్తి దండం పెట్టినా. కాన్పయి మూడు నెలలు కానీ, ఆమేలె ఎంత తవ్వుకుంటావో తవ్వుకో" అంది. ఆమెని తప్పుపట్టడానికి నాకు నోరు లేదు. మా ఆవిడ కడుపుతో ఉన్నప్పుడు నేనూ ఇంట్లో ఉలి ముట్టలేదు. రోజంతా ఊళ్ళోవాళ్ళ గోడలు పగలగొట్టి, ఇంటికొచ్చి ఊడిపోయిన స్విచ్చుబోర్డుని దారంతో కట్టుకున్నాను.

అప్పుడు చెప్పాల్సింది ఒక్క మాట. అక్కా, లోపల నేను దొంగ జాయింటు వేసినా, అది కాలుతా ఉండాది. అంతే. ఆ మాట నాలుక దాకా వచ్చి ఆగిపోయింది. ఆరిళ్ళు గుర్తొచ్చాయి. వాళ్ళందరూ నా గురించి ఏమనుకుంటారో గుర్తొచ్చింది. "ఆ గీజరు ఎక్కువ వాడొద్దక్కా, కరెంటు బిల్లు ఎక్కువొస్తాది" అన్నాను. "వంగి చెంబుతో పోసుకోలేక ఆ పిల్ల ఆయాసపడతా ఉండాది. బిల్లు నువ్వు కడతావా ఏమి?" అని అక్క నవ్వింది. నేనూ నవ్వాను. సిగ్గులేని నవ్వు.

ఆనాటి నుంచి వారం వారం పోవడం మొదలుపెట్టాను. పోయి షవర్ తిప్పి టైల్ మీద చెయ్యి పెట్టేవాణ్ణి. బోర్డులో స్క్రూలు బిగించేవాణ్ణి, అవి బిగుతుగా ఉన్నా సరే. అలా వచ్చి చూస్తే ఏదో కాపలా కాస్తున్నట్టు ఉండేది నాకు. ఆ పిల్ల కాఫీ ఇచ్చి "ఎట్లుండాదన్నా?" అని అడిగేది. "ఏం భయం లేదమ్మా" అనేవాణ్ణి.

భయమంతా నా ఇంట్లో ఉండేది. ఆమె పొద్దున ఆరున్నరకి స్నానం చేస్తుందని మాటల్లో తెలిసింది. ఇక ఆరున్నరైతే చాలు, నేను పళ్ళు తోముతున్నా, గడ్డం గీసుకుంటున్నా చెయ్యి ఆగిపోయేది. ఇప్పుడు తలుపేసుకుని ఉంటుంది. ఇప్పుడు తిప్పి ఉంటుంది. ఇప్పుడు ఆ తీగ వేడెక్కుతూ ఉంటుంది. ఏడయ్యేదాకా నీళ్ళ చప్పుడు నా చెవుల్లోంచి పోయేది కాదు. మా పెరట్లో కొళాయి కట్టేసి ఉన్నా వినపడేది. మా ఇంటికి ఫోను లేదు, పక్కింటివాళ్ళదే. అది మోగిందంటే చాలు, వాళ్ళు "మీకు ఫోనప్పా" అని పిలుస్తారేమోనని గోడవారగా నిలబడి వినేవాణ్ణి. వాళ్ళ పిల్లల నవ్వులు వినపడితేనే ఊపిరి వచ్చేది. అన్నం దగ్గర కూర్చుంటే ఒక్కోసారి ఆ పిల్ల తడిజుట్టుతో తలుపు తీసినట్టే కనపడేది. బతికున్న మనిషి అట్లా కళ్ళ ముందుకొస్తే ఎంత భయమో అనుభవిస్తే తెలుస్తుంది.

"ఎవరు చచ్చినారని ఆ మొకం?" అని మా ఆవిడ ఒకరోజు నిలదీసింది. చెప్పేశాను. చేతిలో ఉన్న గరిటె నేలకేసి కొట్టింది. "ఆడపిల్ల ప్రాణం కంటే నీ పేరు ఎక్కువైపాయనా? థూ! ఇప్పుడే పోయి చెప్పు" అంది. సరేనన్నాను. పోయాను కూడా. పోయి, టైల్ మీద చెయ్యి పెట్టి, ఏం భయం లేదమ్మా అని చెప్పి తిరిగొచ్చాను. ఇంకో పది రోజులు మా ఆవిడ నాతో మాట్లాడలేదు.

ఎనిమిదో నెల వచ్చింది. చలికాలం. ఆ రోజు టైల్ ఐదు నిమిషాలకే వెచ్చబడింది. టైల్ అంచున తెల్ల సిమెంటు మీద సన్నటి గోధుమరంగు గీత కనపడింది. వేలితో రుద్దాను. పోలేదు. షవర్ కట్టేసి కిందికి దిగాను. అక్క మార్కెట్టుకి పోయింది. ఆ పిల్ల హాల్లో పీట మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, అవరెకాయలు, అదే మన అనపకాయలు, ఒలుస్తోంది. ఇల్లంతా ఆ వాసన.

గుమ్మం దగ్గరే నిలబడి చెప్పేశాను. మొదటి నుంచి చివరిదాకా. వాస్తు ఆయన, మూరెడు తక్కువ, నా తొందర, గోడలో ఉన్నది ఏమిటో, అది ఏం చేయగలదో.

ఆమె ఒలవడం ఆపింది. "ఎప్పటి నుంచి తెలుసన్నా నీకు?" అంది.

"మూడు నెలలమ్మా."

ఆమె తల వంచుకుని ఇంకో రెండు కాయలు ఒలిచింది. ఆ గింజలు గిన్నెలో పడకుండా నేల మీద పడ్డాయి. తర్వాత, "గోడ ముట్టకుండా వేరే దోవ లేదా?" అని అడిగింది.

ఉంది. ఆమె అడిగిన క్షణంలోనే నాకు కనపడింది. బోర్డు నుంచి బయటికి, వాననీళ్ళ పైపు పట్టుకుని పైకి, వెంటిలేటరులో ఒక అద్దం పలక తీసేసి లోపలికి, అక్కడి నుంచి గీజరుకి. మేకు అక్కర్లేదు, ఉలి అక్కర్లేదు, తాళ్ళతో కట్టేస్తే చాలు. ఏ పెళ్ళి ఇంట్లో అయినా వేసే తాత్కాలిక వైరింగు అది, నేను వందసార్లు వేసిందే. మూడు నెలలుగా నాకు తట్టలేదు. నేను ఆలోచించింది ఆ జాయింటుని ఎవరికీ తెలియకుండా ఎట్లా తీయాలని మాత్రమే. ఆమె ప్రాణం ఎట్లా కాపాడాలని ఒక్కసారి సరిగ్గా ఆలోచించి ఉంటే మొదటి రోజే తట్టేది.

మార్కెట్టుకి ఉరికి కేబుల్ తెచ్చాను. ఒకే ముక్క. గంటన్నరలో పని అయిపోయింది. పాత కేబుల్‌ని బోర్డు దగ్గరే కోసేసి కొసకి టేపు చుట్టాను. అక్క తిరిగొచ్చి, మేడ మీదికి వేలాడుతున్న నల్ల కేబుల్ చూసి గలాటా మొదలుపెట్టింది. "ఏందప్పా ఈ పాము? ఇంటి అందం చెరిపేస్తివి కదా!" ఆ పిల్ల లోపలి నుంచే "నేనే వేయమంటినత్తా" అంది. ఇంకేమీ చెప్పలేదు. నా పరువు కాపాడింది. నన్ను క్షమించింది అనుకున్నాను. ఆ రోజు మా ఆవిడ నాకు అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంది.

కాన్పు సుఖంగా అయింది. ఆడపిల్ల. మూడు నెలలు దాటాక అక్కే కబురు చేసింది, ఇంక ఆ పాముని తీసేసి గోడలో సరిగ్గా వేసిపొమ్మని. ఉలీ సుత్తీ పట్టుకుని పోయాను. మూడో టైల్ మీద మొదటి దెబ్బ వేసేసరికి, బిడ్డని భుజాన వేసుకుని ఆ పిల్ల వచ్చి బాత్రూం గుమ్మంలో నిలబడింది. దుమ్ము లేస్తాదమ్మా, బిడ్డకి పడదు, దూరంగా పొమ్మన్నాను. కదల్లేదు. కొంగుతో బిడ్డ మొహం కప్పింది.

టైల్ ఊడింది. సిమెంటు నల్లగా ఉంది. పైపు కరిగి గోడకి అంటుకుపోయింది. టేపు లేదు, బూడిద ఉంది. తీగల మీది తొడుగు పెళుసుబారి, వేలు తగలగానే రాలిపోయింది. కరెంటు తీగకీ తడి గోడకీ మధ్య అగ్గిపుల్ల మందం కూడా మిగల్లేదు. నేను పట్టకారుతో జాయింటు పట్టుకుని లాగితే తెగి చేతిలోకి వచ్చేసింది. ఆమెకి చూపించాను. దాచడానికి నా దగ్గర ఇంకేమీ లేదు.

"ఇంకా ఎన్ని దినాలు ఉండేదన్నా అది?" అంది.

"తెలీదమ్మా. నెల ఉండేదేమో. వారమేనేమో."

ఆమె బిడ్డని రెండో భుజం మీదికి మార్చుకుంది.

"ఆరో నెల్లో ఈ టైల్ వెచ్చగా తగిలిందని అత్త గీజరు ఆపేసిందన్నా" అంది. "దీంట్లో ఏమో ఉండాది, వద్దు, నేను కాచి పోస్తా అనె. ఆ మోకాళ్ళ నొప్పులతో నాలుగు దినాలు మేడ మీదికి బిందెలు మోసె. నేనే గలాటా చేసి మళ్ళీ వేయించుకుంటి. ఆ అన్న వారం వారం వచ్చి చెయ్యి పెట్టి చూసిపోతా ఉండాడు, ఏమన్నా ఉంటే మనకు చెప్పడా అంటి."

ఆ మాట చెప్పి బిడ్డని తీసుకుని కిందికి వెళ్ళింది. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే, ఈ ఇరవై ఏళ్ళలో ఎప్పుడో ఒకప్పుడు నేను దాన్ని మరిచిపోయేవాణ్ణి.